బాలస్వామి ములుకోల

23 జనవరి 1961, సోమవారం. బందరు.

వార్షికోత్సవానికి ఈ ఏడు కూడా గొల్లభామల డాన్సేనట. నాకు ఒళ్ళు మండింది. స్టాఫు మీటింగులో లేచి నిలబడ్డాను. "అమెరికాలో వాళ్ళలో వాళ్ళు కొట్టుకు చచ్చిన యుద్ధానికి వచ్చే ఏప్రిల్‌తో నూరేళ్ళండీ. ఆ యుద్ధం ఎలా వచ్చిందో, వాళ్ళ పార్లమెంటులో ఏం మాట్లాడుకున్నారో నా క్లాసు పిల్లలు ఆడి చూపిస్తారు" అన్నాను.

హెడ్మిస్ట్రెస్ ఎలీసబెతు గారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఆవిడ కళ్ళజోడు తుడిచారంటే వద్దనబోతున్నారని అర్థం. కానీ ఈసారి మా మిషను స్కూలు అమెరికా దొరసానిగారు సభకు వస్తున్నారు, స్వదేశం వెళ్ళిపోయే ముందు. వాళ్ళ దేశం కథంటే మర్యాదగా ఉంటుందని ఆవిడకు తోచింది. "సరే లీలావతీ. రాసింది మాత్రం కమిటీ అధ్యక్షులు దైవాధీనం గారికి ఒకసారి చూపించండి" అన్నారు.

చూపిస్తాను. నాకేం భయం?

దైవాధీనం గారి దివిసీమ పొలంలో మా తమ్ముడు బాలస్వామి పాలేరని స్టాఫు గదిలో అందరికీ తెలుసు. ఆయన పేరు వినగానే నావంక ఓరకంట చూశారు. చూడనీ. వాడికి పొలమంటే ఇష్టం. నేనేమన్నా వాణ్ణి కట్టేసి ఉంచానా?

5 ఫిబ్రవరి, ఆదివారం

ఆరాధన అయ్యాక, రాసినంత వరకూ ఇద్దామని దైవాధీనం గారింటికి వెళ్ళాను. పెరట్లో బాలస్వామి. ధాన్యం బండి తోలుకొచ్చాడట. పశువుల కొట్టం చూరులోంచి తన సత్తుపళ్ళెం లాగి, గోలెం దగ్గర కడుక్కుంటున్నాడు.

గుడిలో అందరం ఒకే రొట్టె విరిచి తిని వచ్చి గంట కాలేదు. దైవాధీనం గారు ముందు బెంచీ మనిషి. వాడి పళ్ళెం చూరులో! ఎవరో పరాయివాళ్ళయితే కడుపారా తిట్టుకుని ఊరుకునేదాన్ని. మనవాడు. ఆయన తండ్రి కూడా దివిసీమలో ఎద్దుల వెనక నడిచినవాడే.

"ఒక మాట చెప్పాలక్కా. ఈ ఉగాదికి ములుకోల దించేస్తా. మళ్ళీ ఎత్తను" అన్నాడు బాలస్వామి, అన్నం వంక చూస్తూ.

మా పేటలో ఇదొక తంతు. ఉగాది ముందు సాయంత్రం పాలేరు, ఎద్దుల్ని అదిలించే, చివర మేకున్న తన ములుకోలను పదిమంది చూస్తుండగా కామందు కాళ్ళ దగ్గర పెడతాడు. కామందు దాన్ని చేత్తో తీసుకుని లోపల పెట్టిస్తాడు. ఆ రాత్రికి పాలేరు ఎవరి మనిషీ కాడు. తెల్లారి కామందు మళ్ళీ అందరి ముందూ ఆ కర్ర ఇస్తాడు. అందుకుంటే ఇంకో ఏడాది కట్టుబడ్డట్టు. చేతులు కట్టుకుని నిలబడితే విడిపోయినట్టు. కాగితం లేదు, వేలిముద్ర లేదు. పాలేరు తరఫున ఇంట్లోవాళ్ళెవరు అందుకున్నా వాడు అందుకున్నట్టే. నాన్న జ్వరంతో మంచాన పడ్డ ఏడు అమ్మ వెళ్ళి అందుకుని వచ్చింది. కర్ర పట్టుకున్నంత మాత్రాన మనిషి అమ్ముడుపోవడం ఏమిటో! చదువుకున్నాక ఇవన్నీ నాకు వెర్రిగా కనిపిస్తాయి.

"దించి?"

"గుడివాడలో సీతమ్మ అన్న పనిచేసే రైసుమిల్లులో నాకూ పనుందంట. ఇద్దరం వెళ్ళిపోతాం. మిల్లులో సైరన్ మోగితే ఇంటికి పోవచ్చంటక్కా. సైరన్ మోగాక ఎవడూ పిలవడంట."

"ఎన్నాళ్ళైందిరా నువ్వు ఈ కర్ర పట్టి?"

"నువ్వు బోర్డింగులో చేరిన ఏడే కదా."

మరదలు సీతమ్మ ఎలా ఉందని అడిగాను.

13 ఫిబ్రవరి, సోమవారం

కమిటీ వాళ్ళు నన్ను పిలిచి నిలబెట్టారు. కూర్చోమన్నవాడు లేడు. దైవాధీనం గారు నా కాగితాలు ముందు పెట్టుకుని చాలా మెత్తగా మాట్లాడారు. ఆ మెత్తదనం చూస్తేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

"చూడు అమ్మాయ్. ఆ యుద్ధం రాష్ట్రాల హక్కుల కోసం జరిగింది. బానిసత్వం అనేది పక్క సంగతి. అసలు చాలామంది యజమానులు ఆ పనివాళ్ళని సొంత బిడ్డల్లా చూసుకున్నారని చదివాను. ఆ మాట తీసేసి రాష్ట్రాల హక్కులని రాయి."

"ఏం చేసుకునే హక్కండీ? మనిషిని సంతలో నిలబెట్టి అమ్ముకునే హక్కేగా! అది తీసేస్తే వాళ్ళు కొట్టుకోవడానికి ఇంకేం మిగిలింది?"

"ఆవేశపడకు. దొరసానిగారు నొచ్చుకుంటారు."

దొరసాని నొచ్చుకుంటుందట! ఏం చెప్పమంటాడు పిల్లలకి? దేశానికి అడ్డంగా గీత గీసి, గీతకి ఇవతల బానిసలుండొచ్చు అవతల వద్దు అన్నారు. దాని పేరు రాజీ. ముప్ఫై ఏళ్ళ తర్వాత, పారిపోయి వచ్చిన బానిసను గీత అవతలివాళ్ళు కూడా పట్టి అప్పజెప్పాలని చట్టం చేశారు. దాని పేరూ రాజీయే. రాజీ జరిగినప్పుడల్లా ఇద్దరు పెద్దమనుషులు చేతులు కలిపారు, మూడోవాడి చేతులకు సంకెళ్ళు పడ్డాయి. ఆ మూడోవాణ్ణి మాత్రం ఎవరూ పిలిచి అడగలేదు. దేశం కంటే ముందు గుళ్ళు చీలాయి. బానిసలున్నవాడితో కలిసి ప్రార్థన చెయ్యొచ్చా లేదా అని కొట్టుకుని, ఒక సంఘం రెండు సంఘాలైంది. ఇవన్నీ పక్క సంగతులా?

ఒక్క అక్షరం తియ్యనని చెప్పి వచ్చేశాను.

14 ఫిబ్రవరి

కోపం తగ్గలేదు.

1 మార్చి, బుధవారం

రిహార్సలు. పెడన నేతవారి పిల్ల పార్వతి దక్షిణాది సభ్యుడి వేషం. భ్రమరాంబ ఉత్తరాది సెనేటరు. ఆ సెనేటరు బానిసత్వాన్ని తిట్టి ఉపన్యాసం ఇస్తే, రెండు రోజుల తర్వాత దక్షిణాది సభ్యుడు వచ్చి, కూర్చున్న మనిషిని కూర్చున్నట్టే చేతికర్రతో చావబాదాడు. సభలోనే! పార్వతి స్కేలుతో కొడుతోంది. స్కేలు ఎవరికి ఆనుతుంది? మంచి కర్ర కావాలి.

"కొట్టినవాణ్ణి వాళ్ళవాళ్ళు ఏం చేశారు టీచర్?" అంది పార్వతి.

"మెచ్చుకున్నారు. పాతది విరిగిపోయిందని కొత్త కర్రలు బహుమతిగా పంపారు."

పార్వతి స్కేలు కింద పెట్టేసింది. "నేనీ వేషం వెయ్యను టీచర్" అంది. బతిమాలితే గాని మళ్ళీ పట్టుకోలేదు. ఆ పిల్లకున్న రోషంలో పావు వంతు కమిటీ వాళ్ళకుంటే బాగుండును.

12 మార్చి, ఆదివారం

గెలిచాను!

గుడి మెట్ల మీద దైవాధీనం గారు తనే ఆగి పలకరించారు. "నువ్వు రాసిందే ఉండనియ్ అమ్మాయ్. చదువుకున్నదానివి, నీతో వాదించగలనా? కర్ర కావాలన్నావట. నేనిస్తాను, ఉగాదినాడు ఇంటికి రా" అన్నారు. ఎలీసబెతు గారు నమ్మలేక కళ్ళజోడు తుడుచుకున్నారు.

గట్టిగా నిలబడితే ఎవరైనా దిగివస్తారు. ఈ మాట బాలస్వామికి చెప్పాలి. వాడు ప్రతిదానికీ తల వంచుతాడు.

17 మార్చి, శుక్రవారం. ఉగాది.

కర్ర తెచ్చుకున్నాను. దైవాధీనం గారి అరుగు నిండా దివిసీమ నుంచి వచ్చిన కౌలుదార్లు, పనివాళ్ళు. ఆయన లేచి నిలబడి, కాగితం చుట్టిన కర్రను రెండు చేతులా ఇచ్చారు. నేనూ రెండు చేతులా అందుకుని, "చాలా సంతోషమండీ" అన్నాను. అరుగు మీదివాళ్ళంతా నావంక చూసి తలలు దించుకున్నారు. పేట నుంచి వచ్చిన పిల్ల టీచరైందని గౌరవం కాబోలు. పొలం మేస్త్రి అంకమ్మరావు మాత్రం పళ్ళికిలించాడు. వాడెప్పుడూ అంతే.

ఇంటికొచ్చి కాగితం విప్పాను. మంచి వెదురు. పట్టుకునే చోట నున్నగా అరిగి ఉంది. చివర మేకు పీకేసిన చిల్లు. పిల్లలకు గుచ్చుకోకుండా తీయించారన్నమాట. ఎంతైనా పెద్దమనిషి.

బాలస్వామి ఈపాటికి గుడివాడ బస్సెక్కి ఉంటాడు. వాడికీ నాకూ ఒకే రోజు మంచి జరిగింది.

18 మార్చి

సీతమ్మ వచ్చింది. గుమ్మంలోనే నిలబడిపోయింది, లోపలికి రాలేదు. "ఎందుకు ఎత్తావు వదినా?" అంది.

ఏమిటి ఎత్తింది అన్నాను.

"ములుకోల. మొన్న సాయంత్రం మీ తమ్ముడు దించిన ములుకోలే, నిన్న పొద్దున బందరులో పదిమంది ముందు నువ్వు ఎత్తావంట. అంకమ్మరావు రాత్రికి రాత్రే వచ్చి పేటంతా చెప్పాడు. మూట కట్టుకుని కూర్చున్న మనిషి, మూట విప్పేశాడు."

ఛీ. ఛీ. ఛీ.

19 మార్చి, ఆదివారం

గుడికి వెళ్ళలేదు. అవనిగడ్డలో బస్సు దిగి, హంసలదీవి దారిన వెళ్ళే బండి ఒకటి దొరికితే ఎక్కి పేటకు వెళ్ళాను. దారి పొడుగునా ఆ అరుగే కళ్ళముందు. రెండు చేతులా అందుకున్నాను! సంతోషమండీ అన్నాను! కర్రకు చిల్లుందని చూసి కూడా మెచ్చుకున్నాను! మాట కోసం పోట్లాడి మాట గెలుచుకున్నాను, మనిషిని ఇచ్చేసి వచ్చాను. నాటకం కాగితం మీద బానిసత్వం అనే మాట ఉండనిచ్చాడు ఆయన. పొలంలో కూడా ఉండనిచ్చాడు. ఇదీ నా రాజీ. పిల్లలకి పాఠం చెప్పేది నేనే.

బాలస్వామి దైవాధీనం గారి పొలం కొట్టంలో చొప్ప వేస్తున్నాడు. నన్ను చూసి నవ్వాడు. ఆ నవ్వు చూస్తే నాకు వాణ్ణి కొట్టాలనిపించింది.

"నాకు తెలీదురా! కాగితం చుట్టి ఇచ్చాడు. నాటకానికన్నాడు."

"నాకు తెలుసక్కా, నువ్వు తెలిసి చెయ్యవని."

"మరి వెళ్ళిపో! ఇప్పుడే నడు. సీతమ్మను బతిమాలి మా ఇంట్లోనే ఉంచాను. ఎవడు ఆపుతాడో చూస్తాను."

"నేను వెళ్తే నువ్వు పదిమందిలో ఎత్తింది అబద్ధమవుతుంది. పేటలో నిన్ను అబద్ధాల మనిషంటారు."

"అననీరా! నా పేరుతో నీకేం పని?"

"పేటలో చదువుకున్నదానివి నువ్వొక్కదానివేగా అక్కా. నీ పేరు పోతే మాకింకేం ఉందీ?"

కొట్టం గుంజను గుద్దాను. చెయ్యి వాచింది. అప్పుడు వాడు చొప్ప కింద పెట్టి, నెమ్మదిగా చెప్పాడు. ఏరువాక సాగేలోపు దించొచ్చట. ఎత్తిన చెయ్యే దించాలి. పదిమందిలో ఎత్తింది పదిమందిలోనే దించాలి. కామందు తన చేత్తో దాన్ని తీసుకోవాలి. ఆయన తీసుకుంటేనే తెగినట్టు.

"తీసుకోడక్కా ఆయన. ఎందుకు తీసుకుంటాడు?"

21 మార్చి, మంగళవారం

పొద్దున కర్ర పట్టుకుని వెళ్తే ఊళ్ళో లేరన్నారు. లోపల ఆయన దగ్గు వినబడుతూనే ఉంది. సాయంత్రం మళ్ళీ వెళ్ళాను. అరుగు మీద పురుగు లేదు, అందరినీ పంపించేశాడు. చేతులు వెనక్కి కట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"తీసుకోండి" అన్నాను.

"స్కూలు పని అయ్యేదాకా నీ దగ్గరే ఉండనియ్ అమ్మా."

"మోసం చేశారు మీరు."

"మోసమా? నిన్ను బోర్డింగులో చేర్పించింది ఎవరు? నిన్ను చేర్పించిన రోజునే మీ వాడికి ములుకోల ఇచ్చాను. ఇద్దరికీ దారి చూపించింది ఈ చెయ్యే. నీకు దొరికిన దారి బాగుంది కాబట్టి దాన్ని మోసం అనవు, అవునా?"

కర్రతోనే ఇంటికి వచ్చి గోడకేసి తల కొట్టుకున్నాను. ఆ మాటకు జవాబు ఇప్పుడు దొరికింది, ఇక్కడ రాస్తున్నాను: నా చదువు ఖరీదు వాడి చేత కట్టించుకున్నాడు. నన్ను అడిగాడా? వాణ్ణి అడిగాడా?

23 మార్చి, గురువారం

ఊరంతా పాకింది. స్టాఫు గది రెండు ముక్కలైంది. తెలుగు టీచరు నా పక్క కూర్చుంది, లెక్కల టీచరు లేచి అటు వెళ్ళిపోయింది. నిన్నటి కూటంలో ప్రార్థన మధ్యలో ఎవరో "పెద్దల్ని ఎదిరించే వారిని క్షమించు ప్రభువా" అంటే, వెనక నుంచి ఎవరో "పాలేర్లను ఉంచుకునే వారిని కూడా" అన్నారట. కొట్టుకోబోయారట.

ఎలీసబెతు గారు తలుపు మూసి చెప్పారు. "ఒక్క పాలేరు కోసం సంఘం చీలాలా లీలావతీ? ఏడాది ఎంతలో తిరిగొస్తుంది? ఓపిక పట్టు."

"మీరు పట్టండి ఆ ఏడాది. వెళ్ళి ఆ కొట్టంలో చూరు కింద పళ్ళెం పెట్టుకుని పట్టండి."

ఆవిడ కళ్ళజోడు తుడుచుకోలేదు. అలాగే చూస్తూ కూర్చున్నారు. పాపం అనిపించింది, కాసేపే.

25 మార్చి, శనివారం

అయిపోయింది. వరసగా రాస్తాను, లేకపోతే నిద్ర పట్టదు.

పందిరి కిక్కిరిసింది. ముందు వరసలో దైవాధీనం గారు, పక్కన దొరసానిగారు. వెనక గుంజలు పట్టుకుని ఆయాలు, బళ్ళవాళ్ళు, దివిసీమ నుంచి వచ్చిన బోర్డింగు పిల్లల తల్లిదండ్రులు. పిల్లలు ప్రాణం పెట్టి ఆడారు. గీత గీశారు, రాజీ చేసుకున్నారు, పారిపోయినవాణ్ణి పట్టి అప్పజెప్పారు. పార్వతి కర్రెత్తి భ్రమరాంబ మీద విరుచుకుపడ్డప్పుడు చిన్నపిల్లలు ఏడ్చారు. అక్కడ తెర పడాలి.

తెర లాగే ఆయాను ఆపి, నేను స్టేజీ మీదకి వెళ్ళాను. పార్వతి చేతిలోంచి కర్ర తీసుకున్నాను. మెట్లు దిగి ముందు వరసకి వచ్చాను. ఏడుస్తానేమో అనుకున్నాను గానీ గొంతు ఖంగుమంది.

"అయ్యా! ఉగాదినాడు పదిమందిలో మీరిచ్చిన కర్ర ఇది. మా తమ్ముడు బాలస్వామి తరఫున నేనెత్తాను. ఎత్తిన చేత్తోనే దించుతున్నాను."

ఆయన కాళ్ళ దగ్గర పెట్టాను.

పందిరంతా ఒక్కటే చప్పట్లు. నాటకమే అనుకున్నారు! ఆయనకు పోయిన ప్రాణం లేచొచ్చింది. చిరునవ్వు నవ్వి, తనూ చప్పట్లు కొట్టాడు. కర్ర వంక చూడలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

అప్పుడు దొరసానిగారు, "ఓ, మీ కర్రా అండీ? ఎంత బాగున్నది!" అంటూ దాన్ని తీయడానికి వంగారు. అంత పెద్దావిడ, అంతమందిలో, తన కాళ్ళ దగ్గర వంగడమా! దైవాధీనం గారు గాభరాగా, "అయ్యయ్యో, మీరెందుకండీ" అంటూ ఆవిడ కంటే ముందు వంగి తనే తీసుకున్నారు. రెండు చేతులా.

చప్పట్లు ఇంకా మోగుతూనే ఉన్నాయి. వెనక గుంజల దగ్గర మాత్రం ఎవరూ కొట్టడం లేదు. అక్కడ కూర్చున్నవాళ్ళు కూడా లేచి నిలబడ్డారు. ఎవరో ముసలాయన గొంతు వినిపించింది. "దించింది. ఆయన తీసుకున్నాడు. నేను చూశాను."

"నేనూ చూశా."

"నేనూ."

చప్పట్లు ఆగిపోయాయి. దైవాధీనం గారు తన చేతుల్లోకి చూసుకున్నారు.

26 మార్చి, మట్టల ఆదివారం

పొద్దున్నే ప్యూను చీటీ తెచ్చాడు. రేపటి నుంచి నేను స్కూలుకు రానక్కర్లేదు. అనుకున్నదే. అయినా చీటీ పరపరా చింపాను.

గుడిలో నడవాకి అటు కొందరు, ఇటు కొందరు. మొగుడు అటు, పెళ్ళాం ఇటు కూర్చున్న ఇళ్ళు కూడా ఉన్నాయి. పాస్టరు అయ్యగారు శాంతి గురించి ప్రసంగించారు. ఎవరూ వినలేదు. బాలస్వామి నా పక్కన కూర్చున్నాడు. కర్ర లేని చేతిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియక, ఆరాధన అయ్యేదాకా గుడిలో పంచిన ఈతమట్టను గట్టిగా పట్టుకుని ఉన్నాడు. సాయంత్రం బస్సుకు వాడూ సీతమ్మా గుడివాడ వెళ్ళాలి.

మధ్యాహ్నం పేట నుంచి కొండమ్మ, ఇంకా ఇద్దరు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళ మగవాళ్ళవీ దైవాధీనం గారి కొట్టంలోని ములుకోలలే.

"మా వాళ్ళూ దించేస్తామంటున్నారమ్మా. ఈసారి ఆయన తీసుకోకపోయినా సరే, నేలనే పడుంటాయి అంటున్నారు. అంకమ్మరావు ఎక్కడి నుంచో మనుషుల్ని దింపాడు. కర్రలు పట్టుకుని కొట్టం చుట్టూ తిరుగుతున్నారు. చూడ్డానికి పదిమంది రావాలి కదా, భయపడి ఒక్కళ్ళూ రావడం లేదు" అంది కొండమ్మ.

"ఎప్పుడు?"

"రేపు."

బాలస్వామి నావంక చూశాడు. "నీకెందుకక్కా? వాళ్ళవి దించడానికి నీ చెయ్యి పనికిరాదు" అన్నాడు.

"చెయ్యి పనికిరాకపోతే పోయింది. కళ్ళున్నాయిగా, చూస్తాను" అన్నాను.

వాడు మూట విప్పి, సత్తుపళ్ళెం తీసి నా వంటింట్లో నా కంచం పక్కన పెట్టాడు. "మిల్లు ఒక రోజు ఆగుతుందిలే" అన్నాడు.

రేపు తొలి బస్సుకు అవనిగడ్డ. నాకు కోపం ఇసుమంత కూడా తగ్గలేదు. తగ్గకూడదు కూడా. పదిమంది కావాలి. ఇద్దరమయ్యాం.